బిగించినవారి తప్పు

జూన్ 3

మామయ్యకి,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులుగా వెనకాడుతున్నాను. సిగ్గుగా ఉంది. నీ పక్కన పీట వేసుకుని టంకం పట్టడం నేర్చుకున్నదాన్ని, ఇక్కడ చేరిన నెలన్నరకే చేతులెత్తేశానని నీతో చెప్పుకోవాలి కదా. ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ "నోటితో చెప్పిన లోపం గాలికి పోతుంది, కాగితం మీద పెట్టి పంపు" అని నువ్వే నేర్పావు. పైగా ఫోన్లో నువ్వు తిట్టడం తప్ప ఇంకేమీ చెయ్యవని అమ్మ అంటుంది. ఎలాగూ ఆవిడకి చదివి వినిపిస్తావు కాబట్టి ఆవిడకీ అర్థమయ్యేలా రాస్తాను.

అమ్మా, విను. మా మ్యూజియంలో ఒక పెద్ద గది నిండా బల్లలు, వాటి మీద బుల్లి రైలు పట్టాలు. ఒక్కో ఇంజను ముంజేయంత ఉంటుంది. దాని కడుపులో బొటనవేలి గోరంత చిప్పు పెడతాం. దాన్ని డీకోడర్ అంటారు. పట్టాల గుండా మనం పంపే ఆజ్ఞ విని అది మోటారు తిప్పుతుంది, దీపాలు వెలిగిస్తుంది, తనలో నింపిన ఇంజను చప్పుడుని చిన్న స్పీకరులోంచి వినిపిస్తుంది. ఏ ఇంజనుకి ఆ ఇంజను అసలు చప్పుడే పెడతాం. నాకు అప్పగించింది యార్డులో పెట్టెల్ని అటూ ఇటూ నెట్టే షంటింగ్ ఇంజనుకి నమూనా. అసలుది ఎప్పుడూ సణుగుతున్నట్టు ఉండేదని దాన్ని యార్డువాళ్లు 'గొణుగుడు' అని పిలిచేవారట. ఆరేళ్ల కిందట దాన్ని తునకలు చేసే ముందురోజు మామయ్య వెళ్లి పట్టుకొచ్చిన చప్పుడే ఇప్పుడు అందరూ వాడుతున్నది. నేను ఆయన మేనకోడలినని తెలియగానే మా పెద్దసారు కుర్చీలోంచి లేచారు. ఆ రోజు నాకు ఎంత గర్వంగా ఉందో!

ఇప్పుడు లోపం. ఇంజను నిలబడి ఉన్నప్పుడు గుడగుడమని చక్కగా మోగుతుంది. కానీ రెండు సెకన్లకోసారి, ఎవరో చెప్పు తీసి నేలకేసి కొట్టినట్టు, 'టప్' అంటుంది. వేగం పెంచితే ఆ టప్ కూడా జోరందుకుంటుంది. చక్రాల దోషమేమో అనుకుంటే, చక్రాలు కదలనప్పుడు కూడా ఉంది. డీకోడర్ పిన్నులు నువ్వు చెప్పినట్టే 'టక్కు'మనేదాకా నొక్కాను, నీ మీద ఒట్టు. అందరూ పెట్టే చిన్న స్పీకరు కాకుండా, ఇంధనం ట్యాంకులో పట్టే పెద్ద స్పీకరు పెట్టి, దానికి పెట్టె నేనే చేశాను. అంచులన్నీ లప్పం పెట్టి మూసేశాను.

ఇక్కడ ప్రతి పనికీ ఒక చీటీ ఉంటుంది. లోపం, కారణం, సంతకం, అట్టడుగున బిగించినవారి తప్పు ఉందా లేదా. నా చీటీలో మొదటి గడి తప్ప అన్నీ ఖాళీ. జూలై ఇరవైన గొణుగుడుని ఇరవై ఎనిమిదేళ్లు నడిపిన డ్రైవరు గారు వచ్చి మొదటిసారి దీన్ని నడుపుతారు. నా మూడు నెలల గడువు కూడా ఆ వారంలోనే ముగుస్తుంది. ఉంచుకుంటారో పంపేస్తారో ఈ ఇంజనే తేలుస్తుంది. కాపాడు.

చెయ్యి తిరగని
నీ కోడలు


జూన్ 8

కోడలు పిల్లకి,

ముందు ఆశీస్సులు, వెంటనే చీవాట్లు. చేతులెత్తేశానని రాయడానికి నాలుగు రోజులు ఆగావు చూడు, ఆ నాలుగు రోజులూ నాకు కోపం. రోగం వచ్చిన రోజే వైద్యుడికి చెప్పాలి.

మీ అమ్మకి చదివి వినిపించాను. డీకోడర్ అంటే అర్థమైందట గానీ, అంత చిన్న చిప్పులో అంత పెద్ద ఇంజను చప్పుడు ఎలా పట్టిందో చెప్పమంది. నీ నోట్లో అన్ని మాటలు ఎలా పట్టాయో అలాగే అన్నాను. ఆ పూట నాకు అన్నం రెండు గంటలు ఆలస్యంగా పెట్టింది. ఇలాంటివి నువ్వు లేనప్పుడు అనకూడదని బుద్ధి వచ్చింది. నువ్వుంటే నవ్వేదానివి, ఆవిడా నవ్వేది.

ఇక పని. ఆ చప్పుడుతో ఇప్పటికి రెండు వందల పైచిలుకు ఇంజన్లు నడుస్తున్నాయి. ఒక్కరు కూడా 'టప్' మాట ఎత్తలేదు. కాబట్టి అటువైపు వెతక్కు. పట్టాల నుంచి కరెంటు తీసుకునే ఇత్తడి రేకులు శుభ్రం చెయ్యి. మోటారు తీగలు, నారింజదీ బూడిదదీ, ఎక్కడైనా ఒరుసుకుంటున్నాయేమో చూడు. అన్నిటికన్నా ముందు, ఆ పెద్ద స్పీకరు ఎవరు పెట్టమన్నారు నిన్ను? నలుగురు నడిచే దారి నీకు ఎందుకు పనికిరాదు? దాన్ని పీకి చిన్నది పెట్టు. టప్ మాయమైతే దొంగ దొరికినట్టే.

డ్రైవరు గారు వస్తున్నారని రాశావు. ఆయన ఇంకా ఉన్నారన్నమాట. ఆరోగ్యం బాగుందా? చెవులు సరిగా వినిపిస్తున్నాయా? ఊరికే అడిగాను.

మామయ్య


జూన్ 15

మామయ్యా,

నువ్వు అన్నది అన్నట్టే జరిగింది. చిన్న స్పీకరు పెట్టగానే టప్ పోయింది. దొంగను నేనే. నా పెట్టెలోనే ఏదో అదురుతోంది.

కానీ చిన్న స్పీకరుతో ఇంజను దోమలా గుయ్యిమంటోంది. మా గది ఎంత పెద్దదో చెప్పాను కదా, రెండు అడుగులు వెనక్కి వేస్తే ఏమీ వినపడదు. పెద్దసారు విని మొహం చిట్లించారు. అందుకని పెట్టెను పగలగొట్టి కొత్తది చేశాను. మళ్లీ టప్. గోడలు మందంగా పెట్టి ఇంకోటి చేశాను. ఇంకా స్పష్టంగా టప్! లోపల దూది పెట్టాను, రబ్బరు పెట్టాను. ఇంజను పైతొడుగు ఇప్పటికి తొమ్మిదిసార్లు విప్పి బిగించాను. మరలన్నీ వదులైపోయాయి. పక్క బల్లవాళ్లు నా వైపు చూడటం మానేశారు, అది మర్యాదకే అని తెలుసు, అయినా చెవులు వేడెక్కుతాయి.

ఒక్క పరీక్ష మిగిలింది. ఇదే డీకోడర్‌లోకి వేరే ఇంజను చప్పుడు నింపి చూడటం. అప్పుడూ టప్ అంటే తప్పు నా పెట్టెది. అనకపోతే... ఆ ముక్క రాయడానికి కూడా నాకు భయంగా ఉంది. నీ చప్పుడుని అనుమానించినట్టవుతుంది. అందుకే నువ్వు సరేనంటేనే చేస్తాను.

డ్రైవరు గారికి కళ్లు మసకబారాయట గానీ, పాము చెవులట. పెద్దసారు ఫోన్లో మాట్లాడారు. "నా బండి గొంతు ఇంకోసారి వింటానని అనుకోలేదు" అన్నారట.

నీ కోడలు


జూన్ 19

కోడలు పిల్లకి,

ఆ పరీక్ష చెయ్యకు. చప్పుడు చెరిపి ఇంకోటి నింపావంటే చిప్పు జ్ఞాపకం దెబ్బతింటుంది. తరవాత అసలుది ఎక్కదు. ఎక్కినా నిలవదు. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ని చెబుతున్నాను, నా మాట విను.

చిన్న స్పీకరుతో పోయింది, పెద్దదానితో వచ్చింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? లోపం నీ పెట్టెది, నీ టంకానిది. నీది మొదటినుంచీ తొందర చెయ్యి. మీ నాన్న పోలిక. టంకం చల్లారకముందే తీగ కదిపేస్తావు, అలాంటి అతుకు చూడటానికి బాగానే ఉండి లోపల పట్టుండదు. నా దగ్గర ఉన్నప్పుడు ముద్దు చేసి సరిదిద్దలేదు. ఆ తప్పు నాది.

చిన్న స్పీకరే పెట్టి ఇచ్చెయ్యి. డ్రైవరు గారు పెద్దవారు, ఆయనకి అదే చాలు.

మామయ్య


జూలై 1

మామయ్యా,

అంతా అయిపోయింది. నిన్న పైతొడుగు పదకొండోసారి బిగిస్తుంటే నారింజ తీగ చట్రానికీ తొడుగుకీ మధ్య నలిగింది. నేను చూడలేదు. పట్టాల మీద పెట్టగానే సన్నగా పొగ, ఆ వాసన నీకు తెలుసు కదా. డీకోడర్ మాడిపోయింది. గదిలో అందరూ ఒక్కసారి తలెత్తారు. నేల చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది.

పెద్దసారు అరవలేదు. అరిస్తే బాగుండేది. "అసలు టప్‌కి కారణం ఏమిటని తేల్చావమ్మా?" అన్నారు. నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. తీసి చూపించాను. 'లోపం నీ పెట్టెది, నీ టంకానిది' అన్నచోట ఆయన వేలు పెట్టి మళ్లీ చదివారు. "మీ మామయ్యంతటివాడే అన్నాక ఇంక నేను చెప్పేదేముంది" అని ఆ కాగితం చీటీకి గుచ్చి ఫైల్లో పెట్టేశారు. చీటీలో 'బిగించినవారి తప్పు' గడిలో నా చేత్తో నేనే 'ఉంది' అని రాశాను. సంతకం పెట్టాను.

ప్రస్తుతానికి నన్ను బల్ల మీదనుంచి లేపారు. అద్దాల పెట్టెలు తుడుస్తున్నాను. వచ్చే నెల నుంచి అదీ ఉంటుందో లేదో. గొణుగుడుకి కొత్త డీకోడర్ పెట్టే పని పక్క బల్లాయనకి ఇచ్చారు. ఆయన మంచివాడు, నా పెద్ద స్పీకరు పెట్టెను పారెయ్యకుండా నా సొరుగులో పెట్టాడు.

అమ్మకి ఇదంతా చదవకు. నేను బాగున్నానని చెప్పు. నీ పరువు తీశాను మామయ్యా. ఇక్కడ అందరికీ నేను నీ మేనకోడలినని తెలుసు, అదే ఎక్కువ బాధగా ఉంది. ఇంటికి వచ్చేస్తే టంకం ముట్టుకోకుండా ఇంకేదైనా పని చూసుకుంటాను.

కోడలు


జూలై 5

అమ్మా,

ఈ ఉత్తరాన్ని కోడలు పిల్లకి అని మొదలుపెట్టే ముఖం నాకు లేదు.

నీ పెట్టెలో లోపం లేదు. నీ టంకంలో లోపం లేదు. ఆ టప్ నేను పెట్టిందే. చప్పుడులోనే ఉంది. నీ మొదటి ఉత్తరం చదివిన నిమిషానే నాకు తెలుసు.

ఆరేళ్ల కిందట గొణుగుడు ఆఖరి రోజున నేను యార్డుకి వెళ్లిన మాట నిజం. మైకు పట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని చుట్టూ తిరిగాను. డ్రైవరు గారు నాకోసం ఒక గంట ఎక్కువ నడిపారు. పైవాళ్లు ఆపమని కేకలేస్తున్నా, "పాపం ఆయన చెవిలో గొట్టాలు పెట్టుకుని నిలబడ్డాడు, ఉండండి" అన్నారు. "సరిపోయిందా సార్, ఇంకాసేపు నడపమంటారా" అని రెండుసార్లు అడిగారు. సరిపోయిందన్నాను. అప్పుడు ఇంజను ఆపి, దాని పక్క మీద అరచేత్తో తట్టి దిగారు. మర్నాడు పొద్దున దాన్ని కోసేశారు.

ఇంటికొచ్చి రికార్డరు పెడితే ఏమీ లేదు. గంటల తరబడి ఉత్త నిశ్శబ్దం. మైకు పిన్ను సగమే దిగింది, అమ్మా. టక్కుమనేదాకా నొక్కలేదు. పక్కనే అంత పెద్ద ఇంజను మోగుతుంటే, చెవి గొట్టాల్లోంచి వినపడుతోందో బయటినుంచి వినపడుతోందో నాకు తెలియలేదు. రికార్డరు మీద సూది కదులుతోందా అని ఒక్కసారి చూస్తే చాలు. చూడలేదు. ఊరందరికీ పిన్ను పాఠం చెప్పేవాణ్ని నేను!

మా బుల్లి రైళ్ల క్లబ్బువాళ్లు ఆ సాయంత్రమే అడిగారు, వచ్చిందా అని. వచ్చిందన్నాను. ఆ ఒక్క మాట దగ్గరే చెప్పేసి ఉంటే నాలుగు రోజులు నవ్వి ఊరుకునేవారు. చెప్పలేకపోయాను. మర్నాడు మధ్యాహ్నం మన వీధి చివర పిండిమర దగ్గరికి వెళ్లాను. అక్కడి పాత ఆయిలింజను గుర్తుంది కదా. దాని చప్పుడు పట్టుకొచ్చి సగానికి నెమ్మది చేశాను, కాస్త బొంగురు చేశాను. గొణుగుడులాగే ఉంది. దానిలో ఆ టప్ ఏమిటంటే, పిండిమర బెల్టుకి ఉన్న అతుకు. తిరిగినప్పుడల్లా చక్రానికి కొట్టుకునేది. తీసెయ్యడానికి చాలా తంటాలు పడ్డాను, పూర్తిగా పోలేదు. చిన్న స్పీకర్లలో వినపడదు కదా అని వదిలేశాను. రెండు వందల పైచిలుకు మంది బిగించారు, ఎవరికీ వినపడలేదు. నువ్వు పెట్టె అంత బాగా చేశావు కాబట్టి వినపడింది. గోడలు మందం చేస్తే ఇంకా స్పష్టమైందని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర నేను ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను.

వేరే చప్పుడు నింపితే చిప్పు పాడవుతుందన్నది శుద్ధ అబద్ధం. వందసార్లు నింపినా ఏమీ కాదు. నువ్వు ఆ పరీక్ష చేస్తే దొరికిపోతానని అలా రాశాను. తొందర చెయ్యి అన్నదీ అబద్ధమే. నీ చేతికన్నా నిదానమైన చెయ్యి నేను చూడలేదు. నన్ను నేను కాపాడుకోవడానికి నీ చేతిని బలిపెట్టాను. ఆ అబద్ధం ఇప్పుడు నా సంతకంతో మీ ఫైల్లో ఉంది.

ఈ ఉత్తరం మీ పెద్దసారుకి చూపించు. ఏమనుకున్నా సరే.

మామయ్య


జూలై 11

మామయ్యా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. ముందు రెండు రోజులు జవాబు రాస్తే తిట్లే వచ్చేలా ఉన్నాయని రాయలేదు. మూడో రోజూ అవే వస్తున్నాయి, కానీ కాస్త తగ్గాయి.

నేను ఆ పెట్టెను రెండుసార్లు పగలగొట్టాను, తెలుసా? సుత్తి పెట్టి. నా చేతుల్ని నేనే అసహ్యించుకుంటూ పగలగొట్టాను. రెండు వారాలపాటు అన్నం కలుపుతున్నా నా వేళ్లకేసి చూసుకుని 'తొందర చెయ్యి' అనుకున్నాను. మైకు పిన్ను సంగతి నాకు కోపం తెప్పించలేదు. ఎవరికైనా జరుగుతుంది. పిండిమర సంగతికి అయితే, నిజం చెబుతున్నా, నవ్వొచ్చింది కూడా. రెండు వందలమంది బల్లల మీద మన వీధి పిండిమర తిరుగుతోందన్నమాట! కానీ నా ఉత్తరాలు చదువుతూ, నేను ఏమైపోతున్నానో తెలుస్తూ, మళ్లీ కలం పట్టుకుని 'నీ టంకానిది' అని రాశావు చూడు. అది మాత్రం నాకు కొరుకుడు పడటం లేదు.

నిన్న పక్క బల్లాయన్ని అడిగి, ఆయన పెట్టిన కొత్త డీకోడర్‌లో ఆవిరి ఇంజను చప్పుడు నింపి, నా పెట్టెతో వినిపించాను. టప్ లేదు. గదంతా మోగింది. ఆయన పని ఆపి వచ్చి విన్నాడు.

నీ ఉత్తరం పెద్దసారుకి చూపించలేదు. చూపిస్తే నా బల్ల నాకు వస్తుంది, కానీ నీ తప్పుని నేను మోసుకెళ్లి అప్పగించినట్టవుతుంది. ఆ పని నేను చెయ్యను. నాకు రాసి చేతులు దులుపుకుంటే కుదరదు. డ్రైవరు గారు మళ్లీ ఫోన్ చేశారట. "ఆ రోజు చెవిలో గొట్టాలు పెట్టుకుని నిలబడ్డాయన కూడా వస్తారా, ఆయన్ని ఒకసారి చూడాలని ఉంది" అన్నారట. పెద్దసారు నన్ను అడిగారు. కనుక్కుని చెబుతానన్నాను.

దీనితోపాటు రెండు చీటీల సంగతి రాస్తున్నాను. డీకోడర్ మాడిపోయిన చీటీ నాది. తీగ నలిగింది నా చేతిలోనే, పదకొండుసార్లు విప్పించింది ఎవరైనా సరే. దాన్ని నేనే రాసి ఇచ్చాను. టప్‌కి నేను తప్పు ఒప్పుకుని రాసిన చీటీ బదులు కొత్తది, ఖాళీది, ఈ కవరులో పెట్టాను. లోపం గడి నింపాను. మిగిలినవి నీ చేత్తో నువ్వే నింపి, ఇరవయ్యో తేదీన నువ్వే తెచ్చి ఇవ్వు. రాలేకపోతే పోస్టు చెయ్యకు. చింపెయ్యి.

నీ కోడలు


జూలై 14

కోడలు పిల్లకి,

చీటీ నకలు దీనితో పంపుతున్నాను. అసలుది నా జేబులో ఉంది, నేనే తెస్తాను. ఇరవై పొద్దుటి బండికి దిగుతాను. స్టేషనుకి రాకు, మీ మ్యూజియంకి నేనే నడిచి వస్తాను. ముందు డ్రైవరు గారి దగ్గరికి వెళ్లి చెబుతాను, ఆ తరవాత మీ పెద్దసారు దగ్గరికి. ఎలా మొదలుపెట్టాలో అద్దం ముందు నిలబడి చాలాసార్లు అనుకున్నాను. ప్రతిసారీ మొదటి వాక్యం మారిపోతోంది. అయినా చెబుతాను. క్లబ్బువాళ్లకి కూడా రాశాను. ఇద్దరు ముగ్గురు ఇక పలకరించకపోవచ్చు. అది వాళ్ల ఇష్టం.

మీ అమ్మకి నీ ఉత్తరాలూ, నేను ఉంచుకున్న నా ఉత్తరాల నకళ్లూ అన్నీ చదివి వినిపించాను, మొదటినుంచి. నా వంతు వచ్చినప్పుడు కళ్లలో నీళ్లకి కాగితం కనిపించలేదు, అయినా పూర్తిచేశాను. ఆరేళ్ల కిందట ఆ చప్పుడు మొదటిసారి వినిపించిన రోజున అక్క, "ఇదేంట్రా, మన పిండిమరలా ఉందే" అంది. ఇంజన్ల గురించి నీకేం తెలుసని నలుగురిలో కసురుకున్నాను. ఆవిడ ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నిన్న అడిగాను, తెలిసీ ఎందుకు ఊరుకున్నావు అక్కా అని. "నువ్వే చెబుతావులే అనుకున్నానురా" అంది. ఇంత ఆలస్యం చేస్తావనుకోలేదు అని కూడా అంది. తరవాత నీ గురించి ఏడ్చింది, నన్ను తిట్టింది. అవన్నీ నాకు తగినవే.

చీటీని నాలుగోసారికి సరిగా రాయగలిగాను. మొదటి మూడింట్లోనూ 'పొరపాటున' అనే మాట ఎలాగో దూరింది.

మామయ్య


చీటీ నకలు

లోపం: నిలబడి ఉన్నప్పుడు రెండు సెకన్లకోసారి 'టప్' అనే శబ్దం.

కారణం: చప్పుడు పట్టిన మనిషి ఆ రోజు మైకు పిన్ను పూర్తిగా నొక్కలేదు. ఇంజను చప్పుడు రాలేదు. దాని బదులు పిండిమర చప్పుడు పెట్టి ఆరేళ్లు దాచాడు. టప్ అన్నది పిండిమర బెల్టు అతుకు. ఈ సంగతి తెలిసి కూడా తప్పు బిగించిన అమ్మాయి మీదికి నెట్టి ఉత్తరం రాశాడు. జూన్ 19 నాటి ఆ ఉత్తరం మీ ఫైల్లో ఉంది. అది అబద్ధం.

సంతకం: పైన చెప్పిన మనిషి, ఆమె మేనమామ.

బిగించినవారి తప్పు: లేదు.